తీతువు రాసిన వార్త

ఒక చెరువు చుట్టూ బతికే పిట్టలూ జంతువులూ కలిసి ఒక వెబ్‌సైటు పెట్టుకున్నాయి. వేటగాడు ఏ గట్టున వల పన్నాడో చూసొచ్చి తీతువు రోజూ అందులో రాసేది. సైటుకి రంగులద్ది థీమ్ తయారుచేసింది మాత్రం ఊసరవెల్లి.

ఒకరోజు తీతువు సైటు తెరిచి చూస్తే పైనంతా ఊసరవెల్లి బొమ్మే ఉంది. వల వార్త ఎక్కడో అట్టడుగున, ఆకుపచ్చ మీద ఆకుపచ్చ అక్షరాల్లో దాక్కుని ఉంది.

"నా వార్త పైకి తే," అంది తీతువు.

"పొద్దున్నే వల, చావు అంటూ ఆ అపశకునపు రాతలేంటి? నా థీమ్ అందమంతా పాడవుతోంది," అంది ఊసరవెల్లి.

"వార్త కనబడకపోతే కౌజుపిట్టలు వలలో పడి చస్తాయి. అది అందమా?"

"ఎక్కువ మాట్లాడావంటే థీమ్ పీకేస్తాను. అప్పుడు సైటూ ఉండదు, నీ రాతలూ ఉండవు."

పక్కనే వింటున్న కౌజులు హడలిపోయి, "ఊరుకో అక్కా, ఉన్నది కూడా పోతుంది," అన్నాయి.

తీతువు రెక్కలు విదిలించింది. "పీకెయ్! రంగులు నువ్వు వేశావు, వార్త నేను రాశాను. నువ్వు పీకితే పోయేది నీదే."

ఊసరవెల్లి పంతం కొద్దీ పీకేసింది. రంగులు పోయాయి. దాని బొమ్మా పోయింది. తెల్లటి తెర మీద నల్లటి అక్షరాలు మాత్రం మిగిలాయి: "ఈరోజు వల తూర్పు గట్టున ఉంది."

కౌజులు అది చదివి పడమటి గట్టుకు ఎగిరిపోయాయి. అక్కడ వాటికన్నా ముందే వచ్చి, తెల్లమొహం వేసుకుని కూర్చుని ఉంది ఊసరవెల్లి.