తెరిచిన నోరు, మూడు కంప్యూటర్లు

దర్జీ సూదిమావ పుట్టి బుద్ధెరిగాక ఇంతసేపు నోరు తెరిచి ఒక్క మాటా మాట్లాడకుండా ఉన్నది ఈరోజే.

నర్సు చిగుళ్లకు ఇంజెక్షన్ ఇచ్చి, పళ్ల మధ్య రబ్బరు దిమ్మె ఇరికించి, "కదలకు బాబాయ్, డాక్టరుగారు వచ్చి పన్ను తీస్తారు" అని వెళ్లిపోయింది. కుర్చీ వెనక్కి వాల్చేసి ఉంది. దిగుదామంటే కాళ్లు అందవు. ఎదురుగా గోడమీద బోర్డు: తెల్లకోటు, మాస్కు లేనిదే ఎవరూ లోపలికి రాకూడదు.

తలుపు తెరుచుకుంది. తెల్లకోటు, మాస్కు వేసుకున్న మనిషి వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కోటు భుజాలు మోచేతుల దాకా జారుతున్నాయి. ఎవడు కుట్టాడో గానీ వాడి కత్తెర లాగేసుకోవాలి అనుకున్నాడు సూదిమావ.

"మెడలో టేపు మరిచిపోయినట్టున్నారు. దర్జీ పనా? ఇంట్లో కంప్యూటరుందా?"

లేదని తల అడ్డంగా ఊపాడు. అదే కొంప ముంచింది.

విండోస్ అయితే చవకలో దొరుకుతుందట, బాగుచేసేవాళ్లు వీధికొకరట. మ్యాక్ ధర ఎక్కువే గానీ, ఏళ్లతరబడి వాడి అమ్మినా మంచి రేటు పలుకుతుందట. "ఇక లైనక్స్. అది ఉచితం. కాకపోతే గుడ్డ ఇస్తారు, కుట్టుకోవడం మన పని. అర్థమైందా?"

సూదిమావకు అర్థమైంది వేరు. పళ్లెంలో పటకారు తళతళలాడుతోంది. ఈ మనిషికి చిర్రెత్తిందంటే పన్నుతోపాటు దవడా ఊడొస్తుంది.

"మీరు నాణ్యత తెలిసినవారు. మ్యాకే కదా?"

కొత్త కుట్టుమిషను కోసం మూడేళ్లుగా కూడబెట్టిన సొమ్ము కళ్లముందు కరిగిపోయింది. తల నిలువుగా ఊపాడు.

ఆర్డరు కాగితం ఒళ్లోకి వచ్చింది. సంతకం పెట్టాడు. ప్రింటరు కూడా రాయమంటారా అన్నాడు ఆ మనిషి. చెయ్యి మెత్తగా పడితే అదే పదివేలనుకుని దానికీ ఊపాడు.

అంతలో తలుపు తోసుకుని ఇంకో తెల్లకోటాయన వచ్చి, గ్లౌజులు తొడుక్కుంటూ అన్నాడు: "ఇంకా వెళ్లలేదటయ్యా నువ్వు, నాకు కంప్యూటరు వద్దని పొద్దున్నే చెప్పాను కదా, నా కోటు ఆ కొక్కేనికి తగిలించి దయచెయ్యి."