నొక్కు, వదులు

ఏబీఎస్ ఫ్యూజు పీకితే తప్ప ఈ బండి ఈ కొండ సరిగ్గా దిగదని జుమాలి తాత తేల్చి చెప్పేశాడు.

ముప్ఫై ఏళ్లు నరీన్ కొండదారుల్లో లారీ తోలిన మనిషి. ఇప్పుడు రెండు కళ్లలోనూ శుక్లాలు. మనిషి ఎదురుగా నిలబడినా గొంతును బట్టి పోల్చుకోవాల్సిందే. పట్నం ఆసుపత్రికి కళ్ల డాక్టరు నెలకొకసారి వస్తాడు, మధ్యాహ్నం పన్నెండు కొట్టగానే వెళ్లిపోతాడు. తాతకు ఇప్పటికే రెండు నెలలు తప్పిపోయాయి. ఈసారీ తప్పితే చలికాలమంతా ఈ మసకే గతి. అందుకే పొద్దున్నే పక్క గుడారం సాగిన్ పట్నం బయల్దేరుతున్నాడని వినగానే, ఎవరూ పిలవకుండానే వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు.

సాగిన్ వెనక సీట్లో మూలుగుతున్నాడు. నిన్న మేక కోసం గుర్రాల మీద పెనుగులాడే ఆటలో కింద పడి కుడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. మగవాళ్లంతా మిగతా బళ్లేసుకుని ఇవాళ్టి ఆటలకి వెళ్లిపోయారు. దాంతో స్టీరింగు అతని భార్య జిపార్ చేతికొచ్చింది.

చెయ్యి విరిగినవాడికి ఇంత సాగనంపు తాత తన జన్మలో ఎరగడు. గుడారాల ఆడవాళ్లు దిష్టి తగలకుండా బండి చుట్టూ ఆర్చా చెట్టు కొమ్మల పొగ వేశారు. కళ్లు తుడుచుకున్నారు. తాత ఒళ్లో ఒక బట్టల మూట కూడా పెట్టారు. ఈ కాలం కుర్రాళ్లకి గోరంత దెబ్బకి కొండంత హంగామా అనుకున్నాడు తాత.

మొదటి మలుపుల్లోనే గొడవ మొదలైంది. జిపార్ బ్రేకు తొక్కితే పెడల్ టకటకా కాలిని తంతోంది. బండి గులకరాళ్ల మీద జారి జారి ఎప్పటికో ఆగుతోంది. ఆపాలనుకున్నచోట ఆగడం లేదని ఆమె మెల్లగా అంది. పెద్దవాళ్ల ముందు గొంతెత్తని కోడలు. తాతకి ముచ్చటేసింది.

"చక్రాన్ని బిగుసుకోనివ్వదమ్మా ఆ ఏబీఎస్సు," అన్నాడు. "తారు రోడ్డు మీదయితే అది దేవతే. ఇక్కడ చక్రం బిగుసుకుంటేనే దాని ముందు రాళ్లు కుప్పపడి బండిని ఆపుతాయి. పీకించెయ్."

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడుతుందేమోనని సాగిన్ గొణిగాడు. జిపార్ వినిపించుకోలేదు. బండి ఆపింది. మగాళ్లిద్దరూ దిగి బానెట్ ఎత్తారు. ఫ్యూజుల పెట్టె మూత మీద రాసింది సాగిన్ చదివాడు, తాత వేళ్లతో తడిమి ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు. లోపల పసుపు లైటు వెలిగిందని సాగిన్ కంగారుపడ్డాడు. వెలగనీ, దాని ఏడుపు అది ఏడుస్తుందన్నాడు తాత.

ఇక పాఠం. పూర్తిగా తొక్కి పట్టుకుంటే స్టీరింగు మాట వినదు. మలుపులో అయితే నొక్కు, వదులు. నొక్కు, వదులు. ఆపాలంటే తిన్నని దారిలో గట్టిగా తొక్కు. జిపార్ తొక్కింది. బండి చెప్పినచోట చెప్పినట్టు ఆగింది. తాత చిన్నపిల్లాడిలా తొడ చరుచుకున్నాడు.

చిక్కంతా ఆ తర్వాతే. బండి ఆగడం నేర్చుకుని ఇక ఆగడమే పనిగా పెట్టుకుంది. నాలుగు మలుపులు తిరగడం, ఆగడం. జిపార్ స్టీరింగు మీద తల వాల్చేస్తుంది. పిల్ల లోయని చూసి జడుసుకుంటోందని తాత ఉద్దేశం. అవతల డాక్టరు పెట్టె సర్దుకుంటాడేమోనని ఈయన ప్రాణం కొట్టుకుపోతోంది. వెనక నుంచి సాగిన్ "ఊపిరి తియ్యి, వదులు, తియ్యి, వదులు" అని వల్లిస్తున్నాడు. తన పాఠం వాడికి అలా బుర్రకెక్కినందుకు తాతకి నవ్వాగలేదు. పైగా వాడు ఆగినప్పుడల్లా గడియారం చూడటం. ఒకసారి తొమ్మిది నిమిషాలన్నాడు, తర్వాత ఆరన్నాడు.

"నొప్పిని గడియారం పెట్టి కొలుస్తావేంట్రా? మా రోజుల్లో ఒక చెయ్యి విరిగితే రెండో చేత్తో లారీ తోలేవాళ్లం."

"నాదీ ఒక నొప్పేనా తాతా," అన్నాడు సాగిన్ ఏడుపు గొంతుతో.

ఆ మాటకి జిపార్ పకపకా నవ్వింది. తాతా నవ్వాడు. సాగిన్ ఏడుస్తూ నవ్వాడు. ఎందుకు నవ్వుతున్నారో తెలియకుండానే ముగ్గురూ కడుపు పట్టుకున్నారు. ధైర్యానికి నమలమని తాత రాయిలా ఎండిన పెరుగు ఉండ ఒకటి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె పళ్ల కింద అది పటపటమంది.

ఇక ఆమెకి ఏం పూనిందో ఏమో! బండి గుర్రమైపోయింది. మలుపు రాగానే తాత "నొక్కు" అంటాడు, సాగిన్ "వదులు" అంటాడు, రాళ్లు చిటపటలాడుతూ లోయలోకి ఎగురుతాయి. తాత లారీ రోజుల పాటొకటి అందుకున్నాడు. ఇంత సంతోషం ఆయనకి కళ్లు బాగున్న రోజుల్లో కూడా లేదు. మూడు నిమిషాలని సాగిన్ కీచుమన్నా పట్టించుకోలేదు.

తారు రోడ్డు తగిలాక ఫ్యూజు మళ్లీ పెట్టాలి, బండి ఆపమన్నాడు తాత. "ఇప్పుడు కాదు," అంది జిపార్. కోడలు పిల్ల మొదటిసారి గొంతెత్తింది.

పన్నెండుకి ఇంకా పావుగంట ఉందనగా ఆసుపత్రి గేటు ముందు హారను మోగింది. తెల్లకోట్లు మసకమసకగా పరుగెత్తుకొస్తున్నాయి. తాత గెలిచిన రౌతులా దిగి, చెయ్యి విరిగినవాడు వెనకున్నాడు, ముందు వాణ్ణి చూడండి, కళ్ల డాక్టరు దగ్గరికి నేను నడిచే పోతానన్నాడు. తర్వాత అటువైపు తిరిగి వెళ్లి తలుపు తీసి జిపార్‌కి చెయ్యందించాడు.

"దిగు తల్లీ, శభాష్. ఇక నీ పని అయిపోయింది, హాయిగా కూర్చో."

ఆమె ఆ చేతిని ఎముకలు విరిగేలా పట్టుకుంది.

"దిగలేను తాతా, ఆ నర్సుల్ని ఇటు పిలవండి, బిడ్డ వచ్చేస్తోంది."