పనికిరాని శాలువ

ఇత్తడి చెంబును వాసన చూసి, అది ఏ ఏడు పోతపోసిందో చెప్పేవాడు మడికొండ సారంగపాణి. పొరపాటున ఒక ఏడు తక్కువ చెబితే చెంబే దగ్గేదట! పాత సామాన్లకు వెల కట్టడంలో వరంగల్ మొత్తానికి ఆయనదే ఆఖరి మాట. ముప్పై ఏళ్లలో ఒక్క అబద్ధపు ధర చెప్పలేదు.

ఆ పొద్దున సారంగపాణి, మొగిలి తొక్కే రిక్షా ఎక్కి పాండురంగం సేటు ఇంటికి వచ్చాడు. మొగిలి వీధిలోనే రిక్షా ఆపుకుని బీడీ ముట్టించాడు.

పుష్యమాసం. చలి ఎంతలా ఉందంటే, మాట నోట్లోంచి బయటికి రావడానికి భయపడుతోంది. వెనక వసారాలో పందిరిమంచం, గంగాళం, గోడగడియారం, చేతికర్ర, ఓ సందూకపెట్టె వరసగా ఉన్నాయి.

"అన్నీ మా బాపువే," అన్నాడు పాండురంగం. "రజాకార్ల గడబిడ సల్లవడ్డంక కాశికి పోయిండు. పన్నెండేండ్లాయె, జాడ లేదు. ఇగ లేడనుకోమన్నడు పంతులు. పోయిన నెల దర్భబొమ్మ కాలవెట్టి దినాలు చేసినం."

"మరి సామాన్లు?"

"దినాలైనంక ఆ మనిషి సామాను ఇంట్ల ఉండొద్దంట. ఆయన నీడ గూడ గడప లోపల పడొద్దంట. దానమిద్దామనుకున్న. కానీ ఖీమతు తెల్వకుంట ఎట్లిస్తమన్నా? ధర పలికేటియి గుడికిస్త. పనికిరానియి పెరట్ల పారేస్త."

సారంగపాణి ముందుగా గడియారం అందుకున్నాడు.

"జర పైలం బిడ్డా. దాని ముల్లు ఊగుతది."

ఆ మాటన్నది ఓ ముసలాయన. పెరటి వైపు, స్తంభం చాటున ముడుచుకుని కూర్చున్నాడు. ఒంటి మీద ఒక్క పంచె.

"నాకే చెప్తానవా తాతా? ఇసొంటియి వెయ్యి జూసిన," నవ్వాడు సారంగపాణి.

పాండురంగం ముఖం పాలిపోయింది. "ఎవలతోని మాట్లాడ్తానవన్నా?"

"గా తాతతోని."

"ఆడ ఎవలు లేరు."

అటు చూడకుండానే అనేసి లోపలికి పోయాడు.

అప్పుడు సారంగపాణి చూపు గోడ మీది ఫోటోకు తగిలింది. కొత్త దండ. కింద రామలింగం అని పేరు. కుడి చెవి తమ్మె చీలి ఉంది. మెల్లగా స్తంభం వైపు తిరిగాడు. అదే ముఖం. అదే చీలిక.

వీపు మీది వెంట్రుకలు లేచి చొక్కాను బెత్తెడు పైకెత్తాయి.

కోడలు కళావతి విస్తరిలో అన్నం, కందిపచ్చడి తెచ్చి స్తంభం పక్కన పెట్టింది.

"కాకికి," అంది నేల చూస్తూ. "మా మామకు కందిపచ్చడంటే పానం."

సారంగపాణి గంగాళం తిరగేసి చూసి తలెత్తేసరికి విస్తరి ఖాళీ అయింది. కాకి మాత్రం రాలేదు.

స్తంభం వైపు చూడకుండా సందూక తెరిచాడు. లోపల కాశ్మీరు శాలువ. ఉంగరంలోంచి దూరిపోయే రకం. అంత ఖరీదైన వస్తువు ఆ ఇంట్లో మరొకటి లేదు.

మణికట్టు మీద ఓ చెయ్యి పడింది. మంచుగడ్డలా ఉంది.

"పనికిరాదని చెప్పు బిడ్డా. గప్పుడు పారేస్తరు. నాకు మస్తు చలి పెడ్తాంది. ఇంకేం అడుగ."

పాండురంగం మళ్లీ వచ్చాడు. "శాలువ ఎంత పలుకుతదన్నా?"

ముప్పై ఏళ్ల మాట సారంగపాణి గొంతులో అడ్డం పడింది. దాన్ని ఎలాగో మింగేశాడు.

"పురుగులు కొట్టింది సేటూ. దేనికీ పనికిరాదు."

"మంచిగ చూసినవా? బాపు దాన్ని పెండ్లిళ్లకే కప్పుకునేటోడు."

"చూసిన. పారెయ్."

కళావతి శాలువ తీసుకుంది. పెరట్లోకి విసరలేదు. మడతపెట్టి స్తంభం పక్కన పెట్టి, కళ్లకు కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

మిగతా సామాన్లకు సారంగపాణి నిలబడే, ఊపిరి తీయకుండా ధరలు చెప్పేశాడు. ఒక్క దూకుతో రిక్షాలో పడ్డాడు.

"తొక్కురా మొగిలీ! దయ్యం! రామలింగం సేటు దయ్యం! చీలిన చెవి, చేతులు చూస్తే మంచుగడ్డలు!"

మొగిలి బీడీ పారేసి పకపకా నవ్వాడు.

"దయ్యమేందన్నా, దినాలైన మూడోనాడు రైలు దిగిన గా చీలిన చెవి ముసలాయన్ని టేషన్ కాంచి తీసుకొచ్చి ఈ గడప ముంగట దించింది నేనే గదా!"