గుమ్మం దాటేలోపు

చంద్రమ్మ మళ్లీ ఎదురు క్లినిక్‌లోకే పోయింది.

కిటికీలోంచి చూస్తున్న డాక్టర్ తుల్సీరాంకు ఒళ్లు మండిపోయింది. ఇరవై ఏళ్లుగా దగ్గొచ్చినా, జ్వరమొచ్చినా కురవిలో బస్సెక్కి నేరుగా తన దగ్గరికే వచ్చిన మనిషి! ఇప్పుడు కొంగు తలమీదికి లాక్కుని, దొంగలా రోడ్డు దాటి ఆ ఖుష్బూ దగ్గరికి పోతోంది.

మానుకోటలో తుల్సీరాం అంటే ఓ నమ్మకం. రోగి గుమ్మం దాటేలోపే సగం రోగం చెప్పేస్తాడు. నడక చూస్తాడు, కళ్లు చూస్తాడు, మాట వింటాడు. పరీక్షలన్నీ ఆ తర్వాతే. ఈ ఖుష్బూకు చిన్నప్పుడు గుండెలో రంధ్రం ఉందని అలాగే అనుమానించి హైదరాబాద్ పంపింది కూడా తనే. ఆ పిల్లే డాక్టరై వచ్చి సరిగ్గా తన ఎదురుగా బోర్డు పెట్టింది. పెట్టనీ. తన రోగులనే లాక్కోవాలా?

ఇది అసూయ కాదని మొదట్లో తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. ఇప్పుడు ఆ అబద్ధం కూడా మానేశాడు. ఆమె గుమ్మం ముందు చెప్పులు కనిపిస్తే చాలు, అన్నం సహించడం లేదు.

పైగా ఈ మధ్య వీళ్ల వేషాలు మారాయి. తండా నుంచి వచ్చే హీర్యా, "ఏంది సారూ, వినపడ్తలేదు, జర గట్టిగ చెప్పు" అంటాడు. చంద్రమ్మేమో, "నా మీద కోపమొచ్చిందా సారూ? మొఖం గట్ల పెట్టినవ్" అంటుంది. అవును మరి, ఆ ఖుష్బూలా అందరినీ చూసి పళ్లికిలించడం తనకు చేతకాదు. మందుల షాపు యాకూబ్ సైతం తను రాసిచ్చిన మందుల చీటీని కళ్లకు దగ్గరగా పెట్టుకుని, "అక్షరాలు చీమల్లెక్క ఐతున్నయ్ సార్" అని నసుగుతున్నాడు. ఇన్నేళ్లూ లేని వంకలు!

ఆ సాయంత్రం యాకూబ్ కూడా షాపు వదిలి ఎదురు క్లినిక్‌లోకి దూరాడు.

తుల్సీరాం ఇక ఆగలేకపోయాడు. కుర్చీ లోతుగా ఉండడంతో ఒక్కసారికి లేవలేకపోయాడు. ఆ కోపం కూడా ఖుష్బూ మీదికే మళ్లింది. రోడ్డు దాటుతుంటే కుడికాలి చెప్పు నేలకు రాసుకుంటోంది. పాతబడ్డాయి, కొత్తవి కొనాలి.

ఖుష్బూ గుమ్మంలో నిలబడి, అతను వచ్చేదాకా చూస్తూనే ఉంది. లోపల బెంచీ మీద చంద్రమ్మ, హీర్యా, యాకూబ్. అతన్ని చూడగానే ముగ్గురూ తలలు దించుకున్నారు.

"సిగ్గుండాలె" అన్నాడు తుల్సీరాం. "నా చేతుల మీద బతికినోళ్లు మీరు. నాకు చెప్పకుండ ఈడికెందుకొచ్చిన్రు? నాకు తెల్వని రోగం ఈ పిల్లకేం తెలుస్తది?"

చంద్రమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"నువ్వైనా చెప్పమ్మా! వీళ్లకు ఏం మందులిస్తున్నవ్?"

"ఏమీ ఇస్తలేను సార్."

"మరెందుకొస్తున్నరు? ఏం రోగమున్నది వీళ్లకు?"

ఖుష్బూ కుర్చీ ముందుకు జరిపింది. చిన్నప్పుడు అతను తనను కూర్చోబెట్టినట్టే, భుజం పట్టి మెల్లగా కూర్చోబెట్టింది.

"వాళ్లకేం లేదు సార్. 'మా సారు గొంతు తగ్గింది, మొఖంల నవ్వు పోయింది, కాలు ఈడుస్తున్నడు, ఆయనకు చెప్పే ధైర్యం మాకు లేదు, జర నువ్వు చూడు బిడ్డా' అని మీ కోసం వస్తున్నరు."