కొంగ కాదన్న ఆల్చిప్పలు

చలి సముద్రంలో ఉండే నీటికుక్క ఏటా ఆల్చిప్పల బుట్ట వీపున వేసుకుని, వెచ్చటి ఒడ్డుకు ఈదుకొచ్చేది. వాటిని అక్కడి కొంగకిచ్చి, పిల్లల దగ్గుకు మిరియాలు పట్టుకెళ్లేది. ఇది తన గుమ్మం తప్ప ఎరగదని కొంగకు ఆ ఏడు కళ్లు నెత్తికెక్కాయి.

"ఇవన్నీ నోళ్లు తెరిచాయి. చచ్చిన సరుకు. సగం మిరియాలే ఇస్తాను" అంది.

నీటికుక్క గోటితో చిప్పలను తట్టింది. తట్టినదల్లా టప్పున మూసుకుంది. "బతికున్నాయి గనకే మూసుకున్నాయి, మామా!"

"అయితేనేం? నేను కొనకపోతే నీకు దిక్కెవరు?"

నీటికుక్క బుట్ట ఎత్తుకుని పక్క ఒడ్డుకు పోయింది. అక్కడి బాతులు ఆల్చిప్ప రుచి ఎరగవు. బతిమాలడం నీటికుక్క ఇంటా వంటా లేదు. దర్జాగా కూర్చుని, ఒకటి పగలగొట్టి లొట్టలేస్తూ తింది. బాతులకు నోరూరింది. పొద్దు వాలేసరికి బుట్టనిండా మిరియాలే.

సంగతి తెలిసి కొంగ రొప్పుకుంటూ వచ్చింది. "నాకు ఒక్కటీ మిగల్చలేదా?"

"పై ఏడు తెస్తాను. బాతులు తీసుకున్నాక నీకే" అంటూ నీటికుక్క నీళ్లలోకి దిగింది. "సముద్రానికి ఒకటే ఒడ్డా, మామా?"