వర్షిణి వంతు

“గోడకేం చెప్తాండావు? ఇట్ల తిరిగి మాట్లాడు!”

శశికళ కూతురి గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. ఎనిమిదేళ్ళ వర్షిణి మూతి ముడుచుకుంది. అంతవరకూ బడి సంగతేదో ఇంగ్లీషులో గడగడా చెప్పుకుపోతోంది పాపం.

“ఇంట్లో తెలుగే మాట్లాడల్ల. అదీ నిదానంగా. ఎన్నిసార్లు చెప్పినాను నీకు?”

“మా మిస్ ఇంటికాడ కూడా ఇంగ్లీషే మాట్లాడమనింది.”

“మీ మిస్‌కేం, చెప్తుంది. ఈ ఇంట్లో మిస్ నేనే.”

రోజూ ఇదే వరస. హిందూపురం నుంచి బెంగళూరు పక్కనున్న చందాపురకు కాపురం మార్చి ఏడాదైనా కాలేదు. వీధిలో కన్నడ, బడిలో ఇంగ్లీషు, టీవీలో హిందీ. ఇక్కడి పిల్లలు అన్నీ కలిపి ఒకే ముద్దగా మింగేస్తారు. శశికళ మాత్రం తెలుగు తప్ప ఇంకో మాట ఇంట్లోకి రానివ్వదు. బడిలో మీటింగంటే, ఫ్యాక్టరీలో షిఫ్టు దిగొచ్చిన భర్త చంద్రశేఖర్‌నే తోలుతుంది. ఇంట్లో ఫోను మోగినా అతనే ఎత్తాలి. మహారాణి!

“ఎంత పొగరప్పా ఆయమ్మకు!” అని ఎదురింటి అంజినమ్మ వీధంతా చెప్పింది. “గేటుకాడ నిలబడుకోని అంతసేపు పిలిస్తే తిరిగైనా చూడదు. మనం మనుషుల మాదిరి కనిపించమేమో!”

పొగరో మరొకటో గానీ, సంగీతం దగ్గర శశికళ మరీ రాక్షసి. వారానికి రెండు రోజులు పక్కవీధిలో సరోజమ్మ దగ్గర పాఠం. మిగతా రోజులు బడికి పోయేముందు ఇంట్లో సాధకం. అవతల బస్సొచ్చే వేళవుతుంటుంది. ఇడ్లీ సగంలో ఉంటుంది, ఒక సాక్సు కనపడదు. అయినా సరే, తల్లీకూతుళ్ళు మోకాళ్ళు తగిలేలా ఎదురెదురుగా కూర్చోవాల్సిందే. అరచెయ్యి కూతురి ఎద మీద ఆనించి, కళ్ళార్పకుండా మొహంలోకే చూసేది శశికళ. ఊపిరి తీయకూడని చోట తీస్తే తొడ మీద ఒకటి పడేది. పిల్లకు ఏడుపొచ్చేది. ఏడుస్తూనే పాడేది.

పెళ్ళికి ముందు హిందూపురంలో శశికళ పాడని పేరంటం లేదు. వర్షిణి పుట్టాక పాట మానేసింది. ఎందుకని కూతురు అడిగితే, “నా వంతు అయిపోయిందిలే. ఇంక నీదే” అనేది.

2003లో శ్రీరామనవమికి వీధిలో పందిరి వేశారు. పానకం, పెసరపప్పు కోసంబరి పంచాక సాయంత్రం పాటలు. సరోజమ్మ శిష్యుల్లో వర్షిణి కూడా ఒక కీర్తన పాడాలి. ఆ మాట తెలిసినప్పటి నుంచి శశికళ కాళ్ళు నేల మీద నిలవలేదు.

సరిగ్గా వారం ముందు వర్షిణి మొండికేసింది.

“నేను పాడను! నీ తెలుగూ వద్దు, నీ పాటా వద్దు. అందరి అమ్మల మాదిరి నువ్వెందుకు లేవు?”

శశికళ కొట్టలేదు, తిట్టలేదు. వంటింట్లోకి పోయి గట్టు కింద కూలబడి ఏడ్చింది. ఇన్నేళ్ళ కష్టం ఒక్క మాటతో కొట్టుకుపోయినట్టయింది. వర్షిణి కాసేపు గుమ్మంలో నిలబడి చూసింది. మెల్లగా వచ్చి తల్లి ఎదురుగా కూర్చుని, గౌను అంచుతో ఆమె కళ్ళు తుడిచింది.

“పాడతాలే మా. ఏడవద్దు.”

“నలుగుర్లో నిలబడి నువ్వు పాడేది ఒక్కసారి చూడల్ల నేను. ఇంకేమీ అడగను నిన్ను.”

“దేవునాన పాడతా మా.”

పండగకు ముందు పిల్లకు జలుబు చేసింది. శశికళ పూటపూటకూ మిరియాల కషాయం కాచి పోసింది. ఆ సాయంత్రం జడలో కనకాంబరాలు తురిమి, “తగ్గిందా?” అంటే వర్షిణి తలూపింది.

పందిట్లో జనం బాగానే చేరారు. చంద్రశేఖర్ షిఫ్టు నుంచి నేరుగా వచ్చి భార్య పక్కన కూర్చున్నాడు. వర్షిణి వేదికెక్కింది. సరోజమ్మ శ్రుతిపెట్టె మీట నొక్కింది. పిల్ల తల్లి కళ్ళలోకే చూస్తూ మొదలుపెట్టింది.

ఒక్క అక్షరం పొల్లుపోలేదు. తాళం తప్పలేదు. పల్లవి అయింది, చరణానికి వచ్చింది. ముందు వరసలో పిల్లలెవరో నవ్వుకుంటుంటే శశికళ కళ్ళెర్రజేసింది. సరోజమ్మ లేచివెళ్ళి మైకు సరిచేసి, పిల్ల చెవిలో ఏదో చెప్పింది. వర్షిణి అడ్డంగా తలూపి, ఆపకుండా సాగించింది. పెద్దవాళ్ళంతా కదలకుండా కూర్చున్నారు. అంజినమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చంద్రశేఖర్ భార్య చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

పాట ముగిసింది. శశికళ ఆ చెయ్యి విడిపించుకుని లేచి నిలబడింది. కన్నీళ్ళు ధారగా కారుతున్నా తుడుచుకోకుండా చప్పట్లు కొట్టింది. పందిట్లో కొట్టింది ఆమె ఒక్కతే.

“నా బంగారు తల్లీ! ఎంత బాగా పాడినావే!”

జలుబుకు వర్షిణి గొంతు పూర్తిగా మూగబోయిందనీ, ఇచ్చిన మాట కోసం అంతమందిలో ఉత్త పెదాలు కదిపి పాట ముగించిందనీ ఆ పందిట్లో తెలియనిది, కాన్పు జ్వరంలో రెండు చెవులూ పోగొట్టుకున్న ఆ తల్లి ఒక్కదానికే.