మిసెస్ ప్రైస్ పెదవి విరుపు

“ఇది కుక్కా, గాడిదా?”

మిసెస్ ప్రైస్ ఆ పింగాణీ బొమ్మను రెండు వేళ్ళతో చెవి పట్టుకుని పైకెత్తింది. చేతులకు గ్లవ్స్ అలాగే ఉన్నాయి. ఇలాంటి చోట దేన్నీ ఒట్టి చేత్తో ముట్టుకోదావిడ.

“కుక్కేనండీ,” అంది కౌంటర్ వెనక నుంచి నెరిస్. “కుక్కే అనుకుంటున్నాం.”

“అనుకోవడమేంటమ్మాయ్! దీన్ని ఇచ్చినవాళ్ళు దానం చెయ్యలేదు. చెత్తకుండీ దాకా నడవడానికి బద్ధకించారు.”

బాంగర్ ఊరి పెద్దబజారు హైస్ట్రీట్‌లో ఒకప్పుడు మంచి మంచి కొట్లుండేవి. ఇప్పుడు వరసగా ఛారిటీ షాపులే. ఒకరు అక్కర్లేదని ఊరికే ఇచ్చేసిన సరుకు ఇంకొకరు కొంటారు, ఆ డబ్బు ముసలి గుర్రాలకో గుండె జబ్బులకో పోతుంది. ఊళ్ళోవాళ్ళకు ఈ కొట్లలో తిరగడమంటే మహా సరదా. మిసెస్ ప్రైస్ కూడా రోజూ తిరుగుతుంది. కొనడానికి కాదు, ఛీ! తప్పులు పట్టడానికి.

చచ్చిపోయిన మొగుడు పెద్ద చర్చిలో ఆర్గాన్ వాయించేవాడు. ఆవిడేమో ఊళ్ళో సగంమందికి పియానో నేర్పింది, వేళ్ళ మీద స్కేలుతో కొట్టి మరీ. ఆ గీర ఇంకా దిగలేదు.

అసలు సంగతేమిటంటే, ఆవిడ ఇంటిని వెచ్చబెట్టే బాయిలర్ చలికాలం మొదట్లోనే పాడైంది. బాగు చేయించే స్తోమత లేదు. ఇంట్లో కూర్చుంటే నోట్లోంచి పొగలొస్తాయి. అందుకే పొద్దున చాపెల్ హాలు, మధ్యాహ్నం ఈ షాపు, సాయంత్రం లైబ్రరీ. మూడింటి తలుపుల మీదా ‘లోపల వెచ్చగా ఉంది, ఎవరైనా రావచ్చు’ అని కాగితం అంటించి ఉంటుంది. ఆ కాగితం చూసి వచ్చేవాళ్ళంటే మిసెస్ ప్రైస్‌కు చీదర. చలికి తట్టుకోలేక వచ్చానని ఒప్పుకోవడం కంటే చలికి చావడమే ఆవిడకు మర్యాద. తప్పులు పట్టడానికి వచ్చిన మనిషిని ఎందుకొచ్చావని ఎవరూ అడగరు కదా! మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె. చూసేవాళ్ళకు ఒళ్ళు మండుతుంది.

ఆవిడ హీటరు పక్క కుర్చీలో సర్దుకుని కూర్చుంది. ఎవరో కాలేజీ కుర్రాడు గోధుమరంగు ఓవర్‌కోటు వేసుకుని అద్దంలో చూసుకుంటున్నాడు.

“ఎవరో పోయినాయన కోటు అది,” అంది మిసెస్ ప్రైస్. “బహుశా దాన్ని అద్దంలో చూసుకునే పోయుంటాడు.”

కుర్రాడు కోటు విప్పేసి వెళ్ళిపోయాడు. బేరం పోయింది. నెరిస్ పళ్ళికిలించి, ఆ కోటును మళ్ళీ హ్యాంగరుకు తగిలించింది.

“పొద్దున చాపెల్ హాల్లో టీ ఇచ్చారు,” అని మళ్ళీ మొదలుపెట్టింది ఆవిడ. “వేడినీళ్ళకు టీ ఆకు గురించి ఎవరో కబురు చెప్పినట్టుంది. ఆ కేకు మీద కూర్చోవచ్చు కానీ తినలేం.”

వెనక గదిలోంచి డెనీస్ వచ్చింది. షెఫీల్డ్ నుంచి కొత్తగా వచ్చి, ఆ వారమే షాపులో చేరిన మనిషి. రిటైరైన నర్సు, మంచి మనసు. చేతిలో కప్పు ఉంది.

“వేడిగా తాగండమ్మా. చలికి వచ్చారు కదా, మొహమాటపడకండి. మా అత్తగారూ ఇంతే. ఇంట్లో హీటరు వేసుకోలేక...”



మిసెస్ ప్రైస్ లేచి నిలబడింది. మొహం పాలిపోయింది.

“నేనా? చలికా?”

కోటు గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టింది. “ఇంకోసారి ఈ గుమ్మం తొక్కితే అడగండి. ఇక్కడే కాదు, ఏ గుమ్మమూ తొక్కను.”

అన్నంత పనీ చేసే మనిషి. బయట వానా మంచూ కలిసి కొడుతున్నాయి. ఇప్పుడు ఇంటికి వెళ్ళి తలుపేసుకుందంటే వసంతం దాకా మళ్ళీ బయటికి రాదు. ఆ ఇంట్లో వసంతం దాకా ఉంటుందన్న నమ్మకమూ లేదు.

చీమూ నెత్తురూ ఉన్నవాళ్ళెవరైనా పోతే పోనీ అనుకుంటారు. నెరిస్‌కు అంత పౌరుషం లేదు. గబగబా కౌంటర్ కిందికి వంగి ఒక పెట్టె లాగింది.

“వెళ్దురుగానీ, ఆగండి. దీన్ని కిటికీలో అందరికీ కనబడేలా పెడదామనుకుంటున్నా. ఎలా ఉందో చెప్పండి.”

అది టీ చల్లారకుండా కుండకు తొడిగే ఊలు టోపీ. ఊదారంగు, ఆకుపచ్చ చారలు, పైన నారింజరంగు కుచ్చు. ముందువైపు రెండు గుండీ కళ్ళు, ఒకటి పైకీ ఒకటి కిందికీ చూస్తున్నాయి.

మిసెస్ ప్రైస్ చెయ్యి గుండీ మీదే ఆగిపోయింది.

“కిటికీలోనా?”

“అవునండీ.”

“నీకసలు కళ్ళున్నాయా? దారిన పోయే పసిపిల్లలు జడుసుకోరూ? పియానో ముందు కూర్చున్నప్పుడూ ఇంతే నువ్వు, కుడిచెయ్యేం చేస్తోందో ఎడమచేతికి తెలిసేది కాదు!”

అంటూనే కూర్చుంది. కోటు గుండీలు మళ్ళీ విప్పింది. ఆ అల్లికను, ఆ రంగులను, అల్లినవాళ్ళ వంశాన్ని, అమ్మేవాళ్ళ బుద్ధిని కడిగేస్తూ షాపు మూసే వేళ దాకా ఉంది. మధ్యలో డెనీస్ పెట్టిన టీ కూడా తాగింది, బాగాలేదని చెప్పడానికి.

“రేపు వస్తాను,” అంది గుమ్మంలో నిలబడి. “నేను కనిపెట్టి ఉండకపోతే ఈ ఊరిని తగలెడతారు మీరు.”

తలుపు మూసుకోగానే డెనీస్ భగ్గుమంది. “ఏం పొగరండీ ఆవిడకి! అన్నేసి మాటలంటుంటే నోరు మూసుకుని పడతారేంటి?”

నెరిస్ లైబ్రరీలో పనిచేసే తమ్ముడికి ఫోన్ చేసింది.

“ఒరేయ్ రిస్, బయల్దేరింది, హీటరు పక్క కుర్చీ ఖాళీ చేయించి, బాగా చండాలంగా ఉన్నదేదైనా వెతికి ఎదురుగా పెట్టు, తిట్టడానికేమీ దొరక్కపోతే ఆవిడ ఆ చలి కొంపకెళ్ళిపోతుంది.”